నిద్రలో బోర్లా పడుతున్న పిల్లల తల్లులకు

మన శ్రీకాకుళం గ్రూపులో అందరూ అడుగుతున్నది ఒకటే: రాత్రి బిడ్డ బోర్లా పడితే లేచి తిప్పాలా? ఏడాది నిండేదాకా, పగటి కునుకైనా సరే, పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే. తనంతట తానే బోర్లా పడి, మళ్లీ వెల్లకిలా రాగలిగితే అలాగే వదిలేయండి. బోర్లా పడటమే వచ్చి, తిరిగి రాలేకపోతే మెల్లగా వెల్లకిలా తిప్పండి.

అసలు చూసుకోవాల్సింది పడక. దూది పరుపులో, మెత్తటి బొంతలో ముఖం కూరుకుంటే బిడ్డ వదిలిన గాలే మళ్లీ పీలుస్తుంది. చాప మీద పల్చటి దుప్పటి బిగుతుగా పరిస్తే చాలు. నులక మంచం కుంగుతుంది, వద్దు. ఆవాల దిండు, పక్కన అడ్డం పెట్టే తలగడలు కూడా తీసేయండి (పెద్దమ్మలు కోప్పడినా సరే!). చీర ఉయ్యాల వంపులో మెడ ముడుచుకుంటుంది, దొర్లితే గుడ్డ ముక్కుకు అడ్డుపడుతుంది. నిద్రపోగానే కిందకి దించండి.

దొర్లే ప్రయత్నం మొదలైన రోజే గుడ్డలో చుట్టడం మానాలి. చేతులు బిగిసి ఉంటే తల ఎత్తలేరు.

మెలకువలో రోజుకు 2-3 సార్లు, 3-5 నిమిషాలు మీ ఎదురుగా బోర్లా వేయండి, మెడ గట్టిపడుతుంది. పాలు పట్టిన వెంటనే వద్దు, కక్కేస్తారు.

పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టున్నా వెంటనే 108.

బొబ్బట్లు పంచడం మాత్రం మానకండి!