బోర్డు లేచింది నాన్నా

నాన్నా, అమ్మా,

శుక్రవారం ఫోన్ ఎత్తకపోయేసరికి అమ్మ కంగారుపడి పెద్దమ్మ వాళ్ళకి కూడా చేసేసిందట, అక్క చెప్పింది. ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరమ్మా, బయట లాకర్‌లో పెట్టాలి, అంతే. నాకేం కాలేదు, జ్వరం లేదు, వేళకి తింటున్నా. డిసెంబర్ కదా, ఇక్కడ మ్యూనిక్‌లో నాలుగున్నరకల్లా చీకటి పడిపోతుంది, వీడియోలో మొహం నల్లబడినట్టు ఉందన్నావు చూడు, అది వెలుతురు లేక.

నాన్నా, అంత రాత్రిదాకా ఏం పనమ్మా అని అడిగారు కదా. ఫోన్‌లో మొదలుపెడితే అమ్మ మధ్యలో లాగేసుకుంటుంది, అందుకే రాస్తున్నా. అరచేతిలో పట్టే ఏఆర్ఎమ్ బోర్డు, అంటే చిన్న కంప్యూటర్ లాంటిది, దాంట్లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడవాలి. మామూలుగా ఎస్‌డీ కార్డులోకి రాసి పెడతారు, కానీ మేం రోజంతా కెర్నెల్, అంటే ఆ లినక్స్ గుండెకాయ, మారుస్తూనే ఉంటాం, ప్రతిసారీ కార్డు తియ్యడం రాయడం పెట్టడం అంటే పొద్దు గడిచిపోతుంది, అందుకని నెట్‌వర్క్ మీద నుంచే లేపుతాం, అంటే స్టార్ట్ చేస్తాం. ముందు యూ-బూట్ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి నా లాప్‌టాప్ నుంచి టీఎఫ్‌టీపీ అనే ఫైళ్ళు పంపే పద్ధతిలో కెర్నెల్ తెచ్చుకుంటుంది, తర్వాత ఆ కెర్నెల్ తన ఫైళ్ళన్నీ ఎన్ఎఫ్ఎస్ అనే ఇంకో పద్ధతిలో అదే లాప్‌టాప్ నుంచి చదువుకుంటుంది. ఈ యూ-బూట్‌కి ప్రాణం పోసిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ గారి కంపెనీ మాకు పక్కనే, గ్రోబెన్‌జెల్ అనే ఊళ్ళో ఉండేది. ఆయన 2022లో పోయారు. నేను రోజూ వాడేది ఆయన మొదలుపెట్టిన పని అని తలుచుకుంటే ఈ ఊళ్ళో నాకూ ఎవరో ఉన్నట్టు ఉంటుంది.

మా బోర్డేమో లేవట్లేదు. బోర్డు ఏం చెబుతోందో చూపించే సీరియల్ కేబుల్ పెట్టి 1,15,200 స్పీడ్‌లో చూస్తుంటే స్క్రీన్ మీద టీ టీ టీ అని వరసగా పడుతూనే ఉంది, అంటే అడిగాను, జవాబు రాలేదు, మళ్ళీ అడిగాను అని. బోర్డే పోయింది, కొత్తది తెప్పిద్దాం అన్నారు తోటివాళ్ళు. నాకు ఒప్పలేదు. వానాకాలంలో టెలిఫోన్ లైన్ చచ్చిపోయిందని కంప్లయింట్ వస్తే మీరు ఫోన్ ముట్టుకోకుండా ఎక్స్ఛేంజ్‌లో లైన్లన్నీ కలిసే ఎమ్‌డీఎఫ్ దగ్గర మొదలుపెట్టి రోడ్డు పక్క పిల్లర్, వీధిలో డీపీ పెట్టె, ఇంటికొచ్చే డ్రాప్ వైర్ అని ఒక్కోచోట టోన్ చూసుకుంటూ వచ్చేవాళ్ళు కదా, నేను సైకిల్ వెనక కూర్చుని చూసేదాన్ని. నేనూ అలాగే వచ్చాను నాన్నా. నెట్‌వర్క్ కేబుల్ దగ్గర లైట్ వెలుగుతోంది, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ నుంచి బోర్డుకి ఐపీ అడ్రస్ వస్తోంది, బాగానే ఉంది. లాప్‌టాప్‌కి వచ్చేపోయేవి చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే టీఎఫ్‌టీపీ తలుపైన పోర్ట్ 69కి ఒక్క ప్యాకెట్ కూడా రావట్లేదు! అంటే బోర్డు అడుగుతోంది గానీ నన్ను కాదు. ఐపీ ఇచ్చిన ఆఫీస్ రౌటర్‌నే ఫైల్ సర్వర్ అనుకుని దాన్ని అడుగుతోంది, దాని దగ్గరేమో ఏమీ లేదు. ఐపీ రాగానే దానంతటదే ఫైల్ అడిగే ఆటోలోడ్ ఆపేసి, ఐపీ వచ్చాక ఎవర్ని అడగాలో చెప్పే సర్వర్‌ఐపీ దగ్గర నా లాప్‌టాప్ అడ్రస్ పెట్టి మళ్ళీ అడిగిస్తే, ఫైల్ వస్తోందని చెప్పే హాష్ (#) గుర్తులు గడగడా పడిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగా.

అక్కడితో అవ్వలేదు. కెర్నెల్ లేచింది, ఐపీ తీసుకుంది, తన ఫైళ్ళుండే రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకలేదని పానిక్ అయిపోయింది, అంటే అక్కడే ఆగిపోయింది. ఆ పాత కెర్నెల్ మనం ఏ వెర్షనో చెప్పకపోతే ఎన్ఎఫ్ఎస్ 2 అడుగుతుంది, కొత్త లాప్‌టాప్‌లు 3, 4 తప్ప ఇవ్వవు. లాప్‌టాప్ ఏ వెర్షన్లు ఇస్తుందో చూపించే ఆర్‌పీసీఇన్ఫో కొట్టి చూస్తే లిస్టులో 2 లేనే లేదు. కెర్నెల్‌కి ఇచ్చే సూచనల వరస బూట్‌ఆర్గ్స్‌లో ఎన్ఎఫ్ఎస్‌రూట్ చివర కామా పెట్టి వీ3, టీసీపీ అని చేర్చగానే లాగిన్ వచ్చేసింది. బోర్డుకేం రోగం లేదు, మంచి బోర్డు.

టీవీలో లేఆఫ్‌లని చూపించినప్పుడల్లా నాకు ఫోన్ చెయ్యకండి నాన్నా. ప్రొబేషన్ ఆరు నెలలు ఇక్కడ చాలామందికి ఉండేదే, నన్నొక్కదాన్ని అనుమానించి పెట్టింది కాదు. వదిలేసి వచ్చెయ్యమని బాబాయ్ అన్నారట, ఆయన ప్రేమకొద్దీ అన్నారు, తెలుసు, కానీ నాకీ పని ఇష్టం. డబ్బు కోసమే ఉన్నానని అనుకోవద్దు. రాత్రి వచ్చేటప్పుడు యూ-బాన్‌లో, అంటే మెట్రో రైల్లో, బోలెడు మంది ఉంటారు, స్టేషన్ నుంచి గది ఐదు నిమిషాలు. అమ్మకి ఈ ముక్క గట్టిగా చదివి వినిపించండి.

గోంగూర పచ్చడి అయిపోవచ్చింది. పెద్ద సీసా అడుగున ఉన్నది గీకి అన్నంలో కలుపుకుంటుంటే మన వంటింటి వాసన వచ్చి కాసేపు తినలేకపోయాను. పార్సిల్ పంపొద్దు, అక్క వచ్చేటప్పుడు తెస్తుంది.

మీ కంటి శుక్లం ఆపరేషన్ సంక్రాంతి తర్వాత అని వాయిదా వెయ్యకండి. షుగర్ కంట్రోల్‌లో ఉన్నప్పుడే చేయించుకోవాలని డాక్టర్‌గారు చెప్పారు కదా. లెన్స్ ఖర్చు నేను పంపిస్తా, దాని గురించి మాట్లాడొద్దు.

తమ్ముడికి చెప్పండి, ప్రాజెక్ట్‌కి బోర్డు కొనేముందు సీరియల్ కేబుల్ కొనుక్కోమని, అది 3.3 వోల్టులదే ఉండాలి, 5 వోల్టులది పెడితే పిన్నులు కాలిపోతాయి. గ్రౌండ్, పంపే టీఎక్స్, అందుకునే ఆర్‌ఎక్స్ మూడు వైర్లు చాలు, ఒకవైపు టీఎక్స్ తీసుకెళ్ళి అవతలివైపు ఆర్‌ఎక్స్‌కి కలపాలి. డౌట్ వస్తే ఏ టైములో అయినా మెసేజ్ పెట్టమనండి.

మీ చిన్నమ్మాయి