టో బాల్‌కి తాడు కట్టనివ్వకండి

సంపాదకులకు నమస్కారం.

ఆఫ్‌రోడ్ డ్రైవింగ్ వారాంతాలను, అంటే రోడ్డు లేని మట్టి, బురద దారుల్లో గుంపుగా బండ్లు నడిపే కార్యక్రమాలను, పూర్తిగా నిషేధించాలంటూ మీ పేజీలో వచ్చిన లేఖ చదివాను. రాసినవారి బాధ నాకు అర్థమైంది. తడి నేలమీద ఇష్టమొచ్చినట్టు బండ్లు తిప్పి, పక్షులు గూళ్లు పెట్టుకునే చోట హారన్లు మోగించుకుంటూ పోయేవాళ్లను చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఎనిమిదేళ్లుగా ఈ వారాంతాలకు వెళ్తున్నవాడిగా ఒక మాట చెబుతాను. నిషేధం పెడితే మానేసేది పద్ధతిగా నడిపేవాళ్లే. మిగతావాళ్లు ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్తారు, ఎక్కడో ఇరుక్కుంటారు, లాగడానికి రెండో బండి కూడా ఉండదు. అందుకే ఇలాంటివి జరగనివ్వండి, అయితే అనుమతి ఇచ్చేముందు నిర్వాహకులకు ఏం తెలుసో, వాళ్ల దగ్గర ఏం ఉందో గట్టిగా చూడండి అని అధికారులను అడుగుతున్నాను.

మొన్నటి వారాంతంలో కళ్లారా చూసింది చెప్తే నా భయం ఏమిటో తెలుస్తుంది. ఒక కుర్రాడి బండి బురదలో ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) దాకా దిగబడిపోయింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోపలికి పోతున్నాయి. ఎవరో సాయం చేద్దామని పరుగున వచ్చి, సాగే రికవరీ తాడు (ఇరుక్కున్న బండిని బయటికి లాగేది) ఒక కొస తన బండికి తగిలించి, రెండో కొస ఆ కుర్రాడి బండి వెనకున్న టో బాల్‌కి, అంటే ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకి, ఉచ్చులా వేసేశాడు. చుట్టూ పదిమంది ఫోన్లు పట్టుకుని వీడియో తీస్తున్నారు, అందులో ఇద్దరు చిన్నపిల్లలు తాడుకి నాలుగడుగుల దూరంలో ఉన్నారు. లాగే బండి అప్పటికే స్టార్ట్ అయింది. మా మార్షల్ (బండ్ల భద్రత చూసుకునే మనిషి) ఒకాయన "ఆపు, ఆపు" అని అరుచుకుంటూ అడ్డంగా వచ్చి నిలబడ్డారు కాబట్టి సరిపోయింది.

ఆ తాడు నైలాన్‌ది, లాగినప్పుడు బాగా సాగుతుంది. సాగేటప్పుడు రబ్బరు బ్యాండులా శక్తిని దాచుకుంటుంది, ఆ శక్తే కూరుకుపోయిన బండిని ఒక్క ఊపుతో బయటికి తెస్తుంది. టో బాల్ మాత్రం రోడ్డుమీద ట్రైలర్‌ని నిలకడగా లాగడానికి చేసింది, ఈ కుదుపు కోసం చేసింది కాదు. దాని కాడ విరిగిందంటే ఆ గుండు తాడుతోపాటు తుపాకీ గుండులా దూసుకొస్తుంది, అద్దం పగలగొట్టుకుని డ్రైవర్‌కే తగలొచ్చు. ఆస్ట్రేలియాలో ఇలాగే మనుషుల ప్రాణాలు పోయాయి. ఇలాంటి రికవరీ తాళ్ల మీద హెచ్చరిక లేబుల్ ఉండి తీరాలని అక్కడ ప్రభుత్వమే నిబంధన పెట్టింది.

ఆ రోజు తర్వాత ఏం చేశామంటే, ముందు అందర్నీ దూరంగా పంపేశాం. తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం అంటారు, మేం ఇంకాస్త ఎక్కువే పంపాం. పారలతో చక్రాల ముందు, పొట్ట కింద మట్టి తవ్వాం. ముప్పై పైన ఉన్న టైర్ల గాలిని 18 పీఎస్‌ఐకి దింపాం, అలా దింపితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది, పట్టు దొరుకుతుంది. ఛాసిస్‌కి బిగించిన అసలు రికవరీ పాయింట్, అంటే బండిని లాగడానికే పెట్టిన గట్టి కొక్కెం, వెతికి షాకిల్ (తాడు తగిలించే ఇనుప కొండి) వేశాం, తాడు తెగినా ఎగిరిపడకుండా మధ్యలో బరువైన దుప్పటి కప్పాం. ఇంతా చేశాక చిన్నగా లాగితేనే బండి వచ్చేసింది. నలభై నిమిషాలు పట్టింది. ఆ కుర్రాడు రెండేళ్లుగా ఆ బండి నడుపుతున్నాడట, రికవరీ పాయింట్ ఎక్కడుందో అప్పుడే మొదటిసారి చూశాడు. తప్పు అతనిది కాదు, ఎవరూ అతన్ని కూర్చోబెట్టి చూపించలేదు.

అంతకుముందు నెల నేను డబ్బు కట్టి వెళ్లిన ఇంకో చోట మార్షలే లేడు. ప్రవేశ రుసుం తీసుకున్నారు, స్టిక్కర్ ఇచ్చారు, జెండా ఊపారు, అంతే. వరుసలో ఆఖరి బండి ఎవరిదో కూడా ఎవరికీ తెలియదు. ఒకాయన నీళ్లలోకి వేగంగా దిగేశాడు, నీళ్లు ఇంజన్‌లోకి పోయి బండి అక్కడికక్కడే ఆగిపోయింది. లోతు ఎంతో కర్రతో ముందే చూసి ఉంటే ఆ దారిలో దిగేవాడే కాదు.

నిర్వాహకులు పద్ధతిగా ఉంటే ఇవి ఏళ్ల తరబడి నడుస్తాయి. అమెరికాలో యూటా రాష్ట్రం మోయబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ 1967లో మొదలై ఇప్పటికీ జరుగుతోంది, ప్రభుత్వ భూముల్లో దానికి అనుమతులు తీసుకోవాల్సిందే. దారి తప్పకుండా నడపడం, నేలను పాడు చేయకుండా ఉండడం నేర్పే 'ట్రెడ్ లైట్లీ' కార్యక్రమాన్ని 1985లో అక్కడి అటవీ శాఖే మొదలుపెట్టింది. అంటే నేలను కాపాడే బాధ్యత ఉన్న శాఖే బండ్లవాళ్లను దగ్గరకు తీసి నేర్పింది. మన దగ్గర ఆ పని ఎవరైనా ఎందుకు చేయకూడదు?

అధికారులు అడగాల్సినవి పెద్ద విషయాలేం కావు. ప్రతి బండి ముందూ వెనకా రికవరీ పాయింట్ ఉందో లేదో బయలుదేరేముందు మార్షల్ కింద పడుకుని చూడాలి, లేకపోతే ఆ బండిని పంపకూడదు. కొత్తవాళ్లకు బండి లాగడం మీద కనీసం గంట క్లాసు పెట్టాలి. ముందు బండిలో, వెనక బండిలో రేడియో ఉండాలి. గుర్తు పెట్టిన దారి దాటితే ఆ బండి ఆ రోజుకి ఇంటికి. నేల బాగా తడిసి ఉంటే కార్యక్రమం వాయిదా వేయాలి, కట్టిన డబ్బు వెనక్కివ్వాలి. ఈ చివరిదానికి నిర్వాహకులు గోల చేస్తారని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మెత్తటి నేలమీద పడ్డ గాడి ఎండాక వానకు కాలువై, దారి మొత్తాన్ని కోసేస్తుంది, తర్వాత అందరం కలిసి ఎంత మట్టి పోసినా నిలవదు.

లేఖ పెద్దదైంది, మొత్తం వేసే చోటు లేకపోతే దయచేసి టో బాల్ గురించి రాసిన పేరా ఒక్కటైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు