చిన్నోడికి, అమ్మ రాసేది

చిన్నోడా, బాగుండావా. అనంతపురంలో అందరం బాగుండాం. వానలు సరిగ్గా రాలా, చెనిక్కాయ పంట అంతంతమాత్రమే, జేజి మోకాళ్లు మామూలే. గుంతకల్లు అక్క కొడుకు వచ్చినాడు, నువ్వు ఆఫీసులో మెట్లెక్కుతా ఎదురొమ్ము పట్టుకుని కూర్చున్నావంట కదా అన్నాడు. నేనేం అడగడంలా. గ్యాసే అయ్యుంటాది.

ఫోన్ చేస్తే మీటింగ్ అంటావు, మెసేజ్‌కి బొటనవేలు బొమ్మ పెడతావు. మీ నాయనకు స్టెంట్ వేసినప్పుడు 49 ఏండ్లు. నాయనకో అన్నకో 55 లోపల గుండెజబ్బు వస్తే పిల్లోళ్లకు రిస్కు ఎక్కువని డాక్టర్ చెప్పేటప్పుడు నువ్వు క్యాంటీన్లో ఉండావు.

గుత్తి మామ సంగతి చెప్తా ఆగు. మిషన్ మీద నడిపిస్తా గుండె చూసే ట్రెడ్‌మిల్ టెస్టుకి పంచె కట్టుకుని పోయినాడు, మనవడి బూట్లు తొడిగించి, ఎదురొమ్ము వెంట్రుకలు గీకి స్టిక్కర్లు అంటించినారు, మూడు నిమిషాలకోసారి స్పీడూ ఎత్తూ పెరుగుతాది, ఈయనేమో గుత్తి కోట ఎక్కినోణ్ణి నాకిదెంత అని సిస్టరమ్మతో మాటలు. రిపోర్టు నెగెటివ్. నెగెటివ్ అంటే చెడ్డదనుకుని అత్త ఒకటే ఏడుపు, మంచిదేనని సర్దిచెప్పేసరికి తాతలు దిగొచ్చినారు. ఆ సంతోషానికి ఉగ్గాని బజ్జీ, సిగరెట్టు. మరుసటేడు ఎటాక్ వచ్చింది. రక్తం పారకుండా బాగా అడ్డం పడితేనే ఆ టెస్టులో తెలుస్తాదంట, రక్తనాళాల్లో చిన్న కొవ్వు పూతలు తెలీవు, అవే పగిలి రక్తం గడ్డ కడతాదంట.

కాల్షియం స్కోర్ అని, గుండె రక్తనాళాల్లో సున్నం ఎంత పట్టిందో లెక్క చెప్పే సీటీ స్కాన్ ఉంది, సూది లేదు, ఊపిరి బిగబట్టి పడుకుంటే నిమిషాల్లో అయిపోతాది. 100 దాటితే మాత్రలు మొదలుపెట్టమంటారు, 400 అంటే చానా ఎక్కువ. సున్నా వచ్చిందని ఎగరొద్దు, మీ వయసులో కొవ్వు మెత్తగానే ఉంటాది, సున్నం పట్టంది దాంట్లో కనపడదు, పొగ తాగేవాళ్లయితే ఆ సున్నాని అసలు నమ్ముకోకూడదు. నువ్వు తాగవులే, జీన్సు జేబులో లైటర్ ఎవరిదో. లైపోప్రోటీన్ ఏ అని రక్తంలో ఒకరకం కొలెస్ట్రాల్, దాని రక్తపరీక్ష కూడా చేయించు, పుట్టుకతో వచ్చేదంట, జన్మకోసారి చాలు.

ఇదంతా నొప్పి లేనోళ్లకు. మెట్లెక్కితే పట్టేసి కూర్చుంటే తగ్గేదైతే స్కాన్ సెంటర్‌కి కాదు, నేరుగా గుండె డాక్టర్ దగ్గరికి పో. కూర్చున్నా తగ్గకపోతే 108. ఈసీజీ నార్మల్ అని నాకు చెప్పొద్దు, పడుకోబెట్టి తీసింది మీ నాయనకూ నార్మలే.

ఊరమిరపకాయలు అడగొద్దు, పంపను. చెనిక్కాయల పొడి ఉప్పు తగ్గించి దంచినా, బస్సులో వేస్తా, డ్రైవర్ నంబర్ మీ నాయన పంపిస్తాడు. డబ్బా తీసుకోగానే వీడియో కాల్ చెయ్, మొహం చూడాల.

మీ అమ్మ