తెర వెనక నర్సు ఎక్కడ నిలబడింది?

సంపాదకులకు నమస్కారం.

విశాఖ పాతనగరంలోని ప్రభుత్వ విక్టోరియా ఆస్పత్రిని జనం ఇప్పటికీ ఘోషా ఆస్పత్రి అనే పిలుస్తారు. ఆడవాళ్లు పరాయి మగవాడి కంటపడకుండా వైద్యం చేయించుకోవాలన్న ఆలోచనకు ఆ పేరు గుర్తు. ఘోషా పోయింది గానీ పరీక్ష గదిలో తెర పోలేదు, పోకూడదు కూడా. చిక్కల్లా ఆ తెర వెనక జరిగేది పరీక్షేనా, ఇంకేదైనానా అని బల్ల మీద పడుకున్న మనిషి తేల్చుకోలేకపోవడమే. గైనిక్ పరీక్ష ఎలా ఉండాలో అమ్మ చెప్పదు, బడిలో చెప్పరు, డాక్టరుకు తీరిక ఉండదు. పద్ధతిగా చూసే గైనకాలజిస్టులే ఎక్కువ. వాళ్లకు ఈ ఉత్తరంలో కొత్త విషయమేమీ కనపడదు. పద్ధతి తప్పే కొద్దిమందికి మాత్రం ఈ తెలియనితనమే పెట్టుబడి.

అసలు పరీక్ష ఇలా ఉంటుంది. ముందు కుర్చీలో కూర్చోబెట్టి, బట్టలతో ఉండగానే మాట్లాడతారు. లోపలి పరీక్ష ఎందుకు కావాలో చెప్పి, సరేనా అని అడుగుతారు. మూత్రానికి వెళ్లి రమ్మంటారు, ఎందుకంటే మూత్రాశయం నిండుగా ఉంటే చేతికి ఏదీ సరిగా అందదు. బట్టలు మార్చుకునేటప్పుడు డాక్టరు తెర ఇవతలే ఉండాలి. నడుము కింద బట్టలు తీస్తే చాలు, పైన దుప్పటి కప్పాలి. డాక్టరు గ్లౌజులు వేసుకుని, మొదట పొత్తికడుపు నొక్కి చూస్తారు. తర్వాత స్పెక్యులమ్ (యోనిని కాస్త తెరిచి పట్టే పరికరం) పెట్టి గర్భాశయ ముఖద్వారం చూస్తారు, పాప్‌స్మియర్ (ముఖద్వార క్యాన్సర్ పరీక్షకు తీసే నమూనా) కావాలంటే అప్పుడే తీస్తారు. ఆఖరున రెండు వేళ్లు లోపల, రెండో చెయ్యి పొత్తికడుపు మీద ఉంచి గర్భసంచి, అండాశయాలు ఎలా ఉన్నాయో తడిమి చూస్తారు. అన్నీ కలిపి మామూలుగా కొద్ది నిమిషాల పని. మలద్వారం నుంచి చూడాల్సిన సందర్భాలూ ఉంటాయి, కానీ అది ముందుగా చెప్పి చేయాలి. ఏం కనపడిందన్నది బట్టలు వేసుకున్నాక బల్ల దగ్గర కూర్చోబెట్టి చెప్పాలి.

నొప్పి కలిగిందంటే అది వేధింపు అయిపోదు. స్పెక్యులమ్ కొందరికి నిజంగానే నొప్పి పెడుతుంది. తేడా తెలిసేది ‘ఆపండి’ అన్నప్పుడు: ఆపితే వైద్యం, ఆపకపోతే కాదు. యోని పైభాగాన ఉండే సున్నితమైన మొగ్గను రాయడం, వేళ్లు లోపలికీ బయటికీ ఆడించడం ఏ పరీక్షలోనూ భాగం కాదు. గ్లౌజులు లేకుండా తాకడం, కారణం చెప్పకుండా రొమ్ములు తడమడం, ఒంటి అందం గురించి మాట్లాడటం, చేతిలో ఫోను ఉండటం, ‘ఫైలు తీసుకురా’ అంటూ సరిగ్గా పరీక్ష వేళకే నర్సును బయటికి పంపడం, గడియ పెట్టడం కూడా గమనించాలి. భర్తతో కలయికలో నొప్పి ఉందా, గర్భనిరోధకం ఏం వాడుతున్నారు అన్నవి వైద్యానికి కావాల్సిన ప్రశ్నలే. సుఖంగా ఉంటుందా, ఎలా చేస్తారు అన్నవి ఆరా తీయడం.

అసలు లోపలి పరీక్షే అక్కర్లేని సందర్భాలు చాలా ఉన్నాయి. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టడానికి ఆరోగ్య వివరాలు అడిగి, బీపీ చూస్తే సరిపోతుంది. కలయిక అనుభవం లేని అమ్మాయికి నెలసరి క్రమం తప్పితే సాధారణంగా రక్తపరీక్షలు, పొట్ట మీద నుంచి చేసే స్కానింగ్ చాలు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో పరికరానికి కండోమ్ తొడిగి, జెల్ రాయాలి. కావాలంటే పరికరాన్ని రోగే స్వయంగా లోపలికి పెట్టుకోవచ్చు, అలా అడిగినందుకు ఎవరూ విసుక్కోకూడదు.

ఇక నర్సు సంగతి. జాతీయ మానవహక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయమని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. మగ డాక్టరు స్త్రీని పరీక్షించేటప్పుడు పక్కన మరో స్త్రీ ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. ‘మా దగ్గర నర్సు ఉంటుందండీ’ అని ఆస్పత్రులన్నీ అంటాయి. ఉంటుంది, తెర అవతల రిజిస్టరు రాసుకుంటూ! తోడు అనిపించుకోవాలంటే ఆమె రోగి తల దగ్గరో భుజం దగ్గరో నిలబడాలి. అక్కడి నుంచి రోగి ముఖమూ డాక్టరు చేతులూ రెండూ కనపడాలి. పరీక్ష మొదలు నుంచి చివరిదాకా కదలకూడదు. కావాలంటే అమ్మనో అక్కనో లోపల ఉంచమని రోగి అడగవచ్చు. డాక్టరు ఆడమనిషైనా ఇది అడగడంలో తప్పు లేదు.

మా ప్రధాన కోరిక చిన్నది. ఓపీ చీటీలో ఒక గడి పెట్టండి: ‘పరీక్ష సమయంలో పక్కనున్న వారి పేరు, సంతకం’. పేరు రాయాల్సి వచ్చిన రోజున ఎవరూ రిజిస్టరు కోసం తెర అవతలికి పోరు. ప్రైవేటు ఆస్పత్రుల రిజిస్ట్రేషన్ చూసే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి రెన్యువల్ తనిఖీలో ఈ గడిని చూస్తే చాలు, దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

తెర వెనక కెమెరా కూడా ఉండకూడదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి పరీక్ష గది దృశ్యాలు యూట్యూబ్, టెలిగ్రామ్‌లకు ఎక్కాయి. బల్ల ఎక్కేముందు గది మూలలు ఒకసారి చూడమని ఆడపిల్లలకు చెప్పాల్సిన రోజులొచ్చాయి.

లేబర్ రూములో దౌర్జన్యం వేరే రకం. అక్కడ తిట్టేది, తొడ మీద కొట్టేది చాలాసార్లు ఆడవాళ్లే. ‘అప్పుడు తెలియలేదా నొప్పి’ అన్న మాట వినని తల్లి అరుదు. నొప్పులు బాగా మొదలయ్యాక లోపలి పరీక్ష నాలుగు గంటలకోసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు చూడాలంటే ప్రతిసారీ అడగాలి. మత్తు సూది లేకుండా కోయడం, కుట్లు వేయడం, కాన్పు కాగానే చెప్పకుండా కాపర్-టీ పెట్టడం హక్కుల ఉల్లంఘనే. పాడేరు, అరకు వైపు నుంచి భాష సరిగా రాకుండా వచ్చే తల్లులకు ఇవన్నీ ఎక్కువగా జరిగే ప్రమాదం ఉంది, అడిగే నోరు లేదు గనక.

సంతకాల విషయంలో సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పు గుర్తుంచుకోదగ్గది. లోపల గొట్టంతో చూసే పరీక్షకని మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు అది చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకిచ్చిన అంగీకారం ఆపరేషనుకు పనికిరాదు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టవద్దు. తెలుగులో చదివి చెప్పమనండి. గర్భస్రావానికి 18 ఏళ్లు నిండిన స్త్రీ అంగీకారం ఒక్కటే చట్టం అడుగుతుంది, భర్త సంతకం కాదు.

జరగరానిది జరిగితే ఏం చేయాలి? ఆ రోజే తేదీ, సమయం, గదిలో ఎవరున్నారు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవాలి. ఓపీ చీటీ, బిల్లు, ఫోన్‌పే రసీదు పారేయవద్దు, సమయానికి అవే సాక్ష్యం. లైంగిక దాడి అయితే స్నానం చేయకుండా, ఆ బట్టలు కాగితం సంచిలో పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి ఆనవాళ్లు పాడవుతాయి. నమూనాల సేకరణకు 96 గంటల దాకా అవకాశం ఉంటుంది, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. ఇందుకు వేరే ఆస్పత్రికి వెళ్లవచ్చు, ముందుగా పోలీసు కేసు ఉండాల్సిన పని లేదు. వరండాలోని సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి, ఆలస్యమైతే వాటి మీదే కొత్తవి ఎక్కిపోతాయి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నిబంధనలు చెబుతున్నాయి.

రికార్డులు ఎందుకంత ముఖ్యమంటే, భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షను వైద్య ప్రక్రియను అత్యాచారం నిర్వచనం నుంచి మినహాయించింది. కాబట్టి ‘అది పరీక్షలో భాగం’ అనే జవాబే వస్తుంది. నిజమైన పరీక్ష కాగితం మీద జాడ వదులుతుంది: గర్భసంచి పరిమాణం, ముఖద్వారం స్థితి, నొప్పి ఎక్కడుందో. చీటీలో జలుబుకు రాసినట్టు రెండు మాత్రలే ఉండి, పరీక్షలో ఏం కనపడిందో ఒక్క ముక్క లేకపోతే పరీక్ష ఎందుకు చేశారన్న ప్రశ్న నిలబడుతుంది. ఈ సమస్యకు ఆ పరీక్ష అవసరమా అని మరో గైనకాలజిస్టు చేత రాయించుకోండి.

నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. లైంగిక నేరాల్లో బాధితురాలి మాట మహిళా అధికారే నమోదు చేయాలి. ‘డాక్టరు మీద కేసంటే ముందు మెడికల్ రిపోర్టు తేవాలి’ అంటే నమ్మవద్దు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఆ జాగ్రత్త వైద్య నిర్లక్ష్యానికే, లైంగిక నేరాలకు కాదు. బాధితురాలికి 18 నిండకపోతే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కింద సంగతి తెలిసిన నర్సు, ఆయమ్మ సహా ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. డాక్టరు లైసెన్సు మీద చర్యకు విజయవాడలోని ఏపీ మెడికల్ కౌన్సిలుకు విడిగా రాయాలి. పోలీసు కేసు పెట్టినంత మాత్రాన అది దానంతట అదే కదలదు.

చాలామందికి తెలియని దారి మరొకటుంది. పనిచేసే చోట వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ఉద్యోగినులకే కాదు. ఆస్పత్రి పనిస్థలమే, అక్కడికి వచ్చిన రోగి కూడా ఫిర్యాదు చేయవచ్చు. పదిమందీ అంతకు మించీ పనిచేసే ఆస్పత్రిలో అంతర్గత కమిటీ ఉండాలి, చిన్న క్లినిక్ అయితే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. గడువు మూడు నెలలు, తగిన కారణముంటే మరో మూడు. ఇక్కడే ఎక్కువ కేసులు జారిపోతాయి. యాజమాన్యం ‘మేం మాట్లాడతాం, పరువు సంగతి చూసుకోండి’ అంటూ వారాలు గడిపేస్తుంది. నోటి క్షమాపణతో ఇంటికొచ్చేసరికి గడువు దాటిపోతుంది. కోపంతో వాట్సాప్ గ్రూపుల్లో పేరు పెట్టడం ఇంకో పొరపాటు. పరువునష్టం దావా ముందు వచ్చి కూర్చుంటుంది.

యాజమాన్యం మాటకు వదిలేస్తే ఏమవుతుందో న్యూయార్క్ చూసింది. రాబర్ట్ హాడెన్ అనే గైనకాలజిస్టు మీద 2012లో ఒక రోగి పోలీసులను పిలిచినా, కొద్ది రోజుల్లోనే ఆయన మళ్లీ రోగులను చూశాడు. 20 ఏళ్ల జైలుశిక్ష పడింది 2023లో.

ఆదాయంతో పనిలేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం చట్టం ఇచ్చిన హక్కు. న్యాయసేవాధికార సంస్థకు 15100, మహిళా సహాయానికి 181, పోలీసుకు 112. ఈ మూడు అంకెలను, అంతర్గత కమిటీ సభ్యుల పేర్లను తెలుగులో, ఒడియాలో రాసి అంటించమని విశాఖ ఆస్పత్రులను అడుగుతున్నాం. రిసెప్షన్ గోడకు కాదు, బట్టలు మార్చుకునే చోట, తెర లోపలి వైపున.

ఇట్లు,
కొందరు విశ్రాంత స్టాఫ్ నర్సులు, న్యాయవాదులు
విశాఖపట్నం