నా నీరసాన్ని నమ్మినవారికి కృతజ్ఞతలు

గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పుకునే నాకు రొమ్ము క్యాన్సర్ కీమోథెరపీ పోయిన నెలతో పూర్తయింది. మూడు వారాలకు ఒకటి చొప్పున 4 విడతలు డాక్సోరూబిసిన్, అంటే మా వార్డులో అందరం ఎర్రమందు అనుకునేదీ, దానికి తోడు మందూ ఇచ్చి, ఆపైన వారం వారం 12 సార్లు పాక్లిటాక్సెల్ ఎక్కించారు. డాక్టర్లకు నా నమస్కారాలు స్వయంగా చెప్పుకున్నాను. ఈ నాలుగు మాటలూ నా నీరసాన్ని నిజమని నమ్మినవారి కోసం.

మందు ఎక్కించిన రోజు, వాంతులు రాకుండా ముందుగా ఇచ్చే స్టెరాయిడ్ పుణ్యమా అని, ఇంటికి వచ్చి కూర కూడా తరిగేదాన్ని. మూడో రోజుకు ఆ బలం దిగిపోయి, మంచం దగ్గర నుంచి మంచినీళ్ళ బిందె దాకా గోడ పట్టుకుని నడిచేదాన్ని. మొన్న బాగానే ఉన్నావుగా అని ఇంట్లోవాళ్ళు, గ్లూకోజు నీళ్ళు తాగమని చుట్టాలు అనేవారు. రాత్రంతా పడుకుని లేచినా తీరని నిస్సత్తువ అది. జడ వేసుకునే శ్రమ ఒక్కటే తప్పింది.

డే కేర్ వార్డు సిస్టరు గారు నాకొక నోటుపుస్తకం ఇచ్చి, అలసట, వికారం, నోటిపూత, నిద్ర, ఒక్కొక్కటి ఎంత బాధిస్తున్నదో 0 నుంచి 10 లోపు రోజూ సాయంత్రం అంకె వేయమన్నారు. పిల్లలకు మార్కులు వేసే చేతికి ఇది సులువైన పనే. రెండో విడత తరువాత పది రోజులైనా నా అలసట 8 దగ్గరే ఉండటం చూసి, తరువాతి విడతకు ముందు ఎలాగూ చేసే రక్తపరీక్ష దాకా ఆగకుండా, ఆవిడే డాక్టరు గారితో మాట్లాడి అదే రోజు చేయించారు. హిమోగ్లోబిన్ 7.2 ఉంది. రక్తం ఎక్కించాక గోడ అవసరం తగ్గింది. జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రైనా రమ్మని ఆ పుస్తకం అట్ట మీద రాసినదీ ఆవిడే. అలా ఒకసారి వెళ్ళవలసి వస్తే, నిద్ర లేచి వచ్చి డబ్బు పుచ్చుకోని మా సందు చివరి ఆటో తమ్ముడికి రుణపడి ఉన్నాను.

మా వంటింటి కిటికీకి ఎదురుగానే పక్కింటి పిన్నిగారి కిటికీ ఉంటుంది. ఎండుమిరపకాయ తాలింపు వాసనకు నాకు కడుపులో తిప్పుతున్నదని తెలిసి, నా మందులు నడిచినన్ని నెలలూ ఆవిడ పొయ్యిని పెరటి వరండాలోకి మార్చుకున్నారు. గుంటూరు మనిషి తాలింపు మానలేరు గానీ, పొయ్యి మార్చగలరని అప్పుడు తెలిసింది. అలసటకు రోజూ కాస్త నడక మంచిదని సిస్టరు గారు చెబితే, లేవలేని మనిషిని నడవమంటారేమని నాకు కోపం వచ్చింది. పిన్నిగారే చేయి పట్టుకుని అడ్డరోడ్డు దాకా నడిపించి, దారిలో ఒక అరుగు మీద కూర్చోబెట్టి తీసుకొచ్చేవారు. బయలుదేరేటప్పుడు 7 అనుకున్నది తిరిగొచ్చాక 5 వేసుకున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి.

అరికాళ్ళ తిమ్మిరి ఇంకా పోలేదు. సోమవారం బడికి వెళ్ళేసరికి, నేను అడగకుండానే, నా తరగతులన్నీ కింది అంతస్తుకు మార్చి, బోర్డు పక్కన ఎత్తైన కుర్చీ ఒకటి వేసి ఉంచారు నా తోటి ఉపాధ్యాయులు.