నీ చేతి కొలత పంపు అమ్మా

ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. పక్క ఫ్లాట్ వాళ్ళ అత్తగారు ఈ వారం తెనాలి వస్తున్నారు, ఆవిడ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. కాగితం మీదే పంపాల్సినది ఒకటుంది, కింద చెబుతాను.

పెరట్లో నువ్వు జారిపడిన రోజు నుంచి నాకు టెన్షన్ తగ్గలేదు. నాన్న బజారు నుంచి వచ్చేదాకా నీ కేక ఎవరికీ వినపడలేదన్నది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే నీకు స్మార్ట్‌వాచ్ కొంటున్నాను. గట్టిగా పడితే అది గుర్తించి, నువ్వు పలక్కపోతే మా నంబర్లకు కబురు పంపుతుంది. ఫోన్ మాత్రం దగ్గర్లో ఉండాలి. నీది సామ్‌సంగ్ ఫోన్ కాబట్టి గెలాక్సీ వాచ్ తీసుకుంటాను. యాపిల్ వాచ్‌కి ఐఫోన్ ఉండి తీరాలి.

చిక్కంతా సైజు దగ్గరే. పోయినేడు నాన్నకు అంచనా మీద పెద్దది పంపి తప్పు చేశాను. బెల్టు చివరి రంధ్రానికి పెట్టినా చేతి మీద తిరిగిపోయేది, గుండె వేగం ఒక్కోసారి చూపించేదే కాదు. వాచీ అడుగున పచ్చటి వెలుగు మెరుస్తుంది చూశావా? అది చర్మంలోకి వెళ్ళి తిరిగొచ్చేదాన్ని బట్టే నాడి లెక్క. వాచీ వదులైతే వెలుగు పక్కలకు పోతుంది, లెక్క తప్పుతుంది. పాపం నాన్న వారానికే దాన్ని బీరువాలో పెట్టేశారు.

నీ గాజులు 2-6 అని నాకు తెలుసు, దాన్ని బట్టి కొనేద్దామనుకున్నాను. అది కుదరదమ్మా. గాజు సైజు అరచెయ్యి దూరడానికి చూసుకునేది. 2-6 గాజు లోపలి చుట్టు దాదాపు 19 సెంటీమీటర్లు. నేనూ అదే సైజు వేసుకుంటాను, నా మణికట్టు టేపుతో కొలిస్తే 15 వచ్చింది. నాలుగు సెంటీమీటర్ల తేడా!

అందుకని టేపుతో కొలువు. మణికట్టు పక్కన ఉబ్బెత్తుగా ఉండే ఎముక ఉంది కదా, దానికి ఒక వేలు పైన, మోచేతి వైపు చుట్టు. వాచీ ఉండాల్సిన చోటు అదే. ఎముక మీద ఉంటే వెలుగు సరిగా తగలదు.  మరీ బిగించి కొలవకు, సాయంత్రం కొలువు. నీకు సాయంత్రానికి చేతులు కాస్త వాస్తాయి.

వాచీ రెండు సైజుల్లో ఉంది. ఈ కాగితం వెనక ఆ సైజుల్లోనే రెండు వలయాలు గీశాను, అడ్డంగా ఒకటి 40 మిల్లీమీటర్లు, రెండోది 44. కత్తిరించి ఒక్కోటి మణికట్టు మీద పెట్టి చూడు. అంచు చేతి పక్కలకు దిగకూడదు. నేల మీంచి లేచేటప్పుడు అరచెయ్యి ఆనిస్తావు కదా, అలా ఆనించీ చూడు. వలయం మడత పడితే అది నీకు పెద్దదే. నాకైతే 40 సరిపోతుందనిపిస్తోంది. 44లో అక్షరాలు కొంచెం పెద్దగా కనిపిస్తాయి, బ్యాటరీ కూడా పెద్దది. కానీ అక్షరాల సైజు చిన్నదాంట్లోనూ పెంచుకోవచ్చు. ఛార్జింగ్ రోజూ సీరియల్ చూసేటప్పుడు పెట్టుకో, స్నానానికి వెళ్ళేటప్పుడు మాత్రం తీయకు. నాకు అసలు భయం అక్కడే.

కొలత ఎంతొచ్చిందో, ఏ వలయం నప్పిందో ఫోటో తీసి పంపు. నాన్న చెయ్యి కూడా ఈసారి కొలువు. టేపు కుట్టుమిషన్ సొరుగులో దారం రీళ్ళ కింద ఉంటుంది.

నీ అమ్మాయి