కుళ్లిన ముక్కలో జబ్బవాపు తేలదు, మంత్రిగారూ

పశుసంవర్ధక శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో,

జబ్బవాపుతో చచ్చిన పశువుల నమూనాలు చెడకుండా ల్యాబుకు చేరాలని, టీకా వేళకు వేయాలని అర్జీలిచ్చాం. రశీదులు భద్రంగానే ఉన్నాయి, కదిలింది మాత్రం ఏమీ లేదు. అందుకే ఇలా నలుగురిలో రాయాల్సి వస్తోంది.

తొలకరి పడగానే ఇక్కడ జబ్బవాపు దిగుతుందని తమకు తెలుసు. ఆరు నెలలు దాటి రెండేళ్లు నిండని, ఒళ్లు చేసిన పెయ్యలే ముందు పడతాయి. కుంటుతాయి, తొడో భుజమో వాస్తుంది, నొక్కితే లోపల గాలి చిటపటలాడుతుంది. పెన్సిలిన్ పడితే ఆ తొలి గంటల్లోనే పడాలి. లేదంటే ఒకటి రెండు రోజుల్లో పశువు పోతుంది.

చచ్చాక మొదలవుతుంది అసలు తంటా. కండను కుళ్లబెట్టే విషం వదిలేది మట్టిలో ఏళ్ల తరబడి బతికే క్లాస్ట్రీడియం షోవియై అనే సూక్ష్మజీవి. కళేబరం కొన్ని గంటలు పడి ఉంటే చాలు, పేగుల్లోంచి క్లాస్ట్రీడియం సెప్టికమ్ అనే మరో సూక్ష్మజీవి పాకి వచ్చేస్తుంది. మైక్రోస్కోపులో రెండూ కడ్డీలే. కాలేయాన్ని అద్దిన గాజుపలక మీద సెప్టికమ్ పొడుగు దారాల్లా కనిపిస్తుంది, షోవియై విడివిడిగానో జంటగానో ఉంటుంది. అదీ నమూనా తాజాగా ఉంటేనే. ఇక్కడ నమూనా తీసుకెళ్లే వాహనం వచ్చేది మర్నాడు! కండ ముక్కను పాలిథిన్ సంచిలో వేస్తారు, ఐసు ఉండదు. ఒక్కోసారి ఫార్మలిన్‌లో ముంచేస్తారు, దాంతో సూక్ష్మజీవి చచ్చి కల్చర్‌కు, అంటే ల్యాబులో పెంచి చూడటానికి, పనికిరాదు. చివరికి నమూనా చెడిందని ఓ కాగితం వస్తుంది. కేసు తేలలేదు కాబట్టి మా ఊరికి జబ్బే లేదట, జబ్బు లేదు కాబట్టి టీకా తర్వాత చూద్దామట. ఎంత చక్కటి లెక్క!

ఇంకో ప్రమాదం దొమ్మ, అంటే ఆంత్రాక్స్. ముక్కు, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే కళేబరానికి కత్తి తగలనివ్వకూడదు, చెవి నరం నుంచి నెత్తురు చుక్క తీసి పలక మీద పూయాలి, అంతే. ఆ మాట చెప్పే మనిషి లేక ఊళ్లో తోలు తీసేస్తున్నారు.

మేం అడిగేది పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి రైతు సేవా కేంద్రంలో గాజుపలకలు, స్టెరైల్ సీసాలు, సిరంజీలు, ఓ ఐసు పెట్టె ఉంచండి. వాపులోని ద్రవాన్ని చర్మం మీదుగానే సిరంజితో లాగవచ్చు, దానికి కళేబరం కోయక్కర్లేదు. గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. నమూనాలు అదే రోజు అక్కడికి చేరేలా ఆదేశాలివ్వండి. టీకా పట్టు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మే నెలలోనే వేయించండి. జూలైలో వేసే టీకా ఎవరి కోసం, పశువు కోసమా, రిజిస్టరు కోసమా? దయచేసి ఈసారైనా మేలోనే వేయించండి సార్.

ఇట్లు,
గజపతినగరం వైపు పశుపోషకులు